ఆ గుంపుని ముందు వినాలి

చలికాలం పొద్దున్న ఏడు, ఏడుంబావు మధ్య మా పెరట్లోకి ఒక గుంపు వస్తుంది. సింహాచలం కొండ కింద, అడవివరం దగ్గర మా ఇల్లు. కొండ వైపు గోడ మీదికి వంగిన జామచెట్టు, దాని పక్కన మునగ, బావి దగ్గర కరివేపాకు, మూలన పాత మామిడి. గుంపు ముందు మామిడి మీద వాలుతుంది. అక్కణ్ణుంచి మునగ మీదికి, మునగ నుంచి జామ మీదికి, జామ నుంచి గోడ అవతలికి. మొత్తం ఐదు నిమిషాలు. ఒక్కోరోజు అంత కూడా ఉండదు. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచేలోపు పెరడు మళ్లీ మామూలుగా అయిపోతుంది.

ఆ ఐదు నిమిషాల్లో ఎనిమిది, పది రకాల పిట్టలు మన ముందు నుంచి వెళ్లిపోతాయి. చాలావరకు పిడికిట్లో పట్టేంత పిట్టలే. సగం పిట్టలు ఆకు రంగులోనే ఉంటాయి. ఏదీ ఒకచోట రెండు క్షణాలు ఆగదు. కొత్తగా పిట్టల్ని చూడ్డం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా చేతులెత్తేసేది ఇలాంటి గుంపు దగ్గరే. నేను చెప్పదలచుకున్నది ఏంటంటే, ఈ కష్టంలో చాలా భాగం మనం తెచ్చిపెట్టుకున్నది. కంటితో మొదలుపెడుతున్నాం, అందులోనూ కెమెరా కంటితో. ఈ గుంపుని ముందు చెవితో పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక్కో పిట్ట ఏ కొమ్మ మీద ఏం పని చేస్తోందో చూడాలి. రంగు సంగతి ఆఖరికి.

పిట్టల మీద ఇష్టం ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ జరిగేది ఒకటుంది. ఎవరో ఒకరు మసకగా వచ్చిన ఫోటో పెడతారు. ఆకుల మధ్య పచ్చటి మరక, సగం తోక. 'ఇదేంటండీ?' అని అడుగుతారు. నిమిషంలో నాలుగు జవాబులు వస్తాయి, నాలుగూ వేరువేరు పేర్లు. 'అది ఎలా అరిచింది? ఏం చేస్తోంది? పక్కన ఇంకేం పిట్టలున్నాయి?' అని మాత్రం ఎవరూ అడగరు. ఈ మూడింటికీ జవాబు దొరికితే చాలాసార్లు ఫోటో అక్కర్లేకుండానే పేరు చెప్పేయొచ్చు. ఫోటో పెట్టినాయనకి ఆ మూడూ తెలియవు. ఆయన తప్పేం కాదు. పిట్ట అక్కడున్నంతసేపూ ఆయన ఫోకస్ కోసం తంటాలు పడుతున్నాడు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన ఏడాది, దాచుకున్న డబ్బుతో పెద్ద లెన్సు కొన్నాను. ఆ చలికాలం రోజూ పొద్దున్న గోడ దగ్గర నిలబడి గుంపు రాగానే టకటకా నొక్కేదాన్ని. తర్వాత మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని, పుస్తకం పక్కన పెట్టుకుని, ఫోటోలకి పేర్లు పెట్టేదాన్ని. ఆ చలికాలం నా నోట్‌బుక్‌లో 'ఆడ ఐయోరా' అని ముప్ఫైసార్లకి పైనే రాసి ఉంది. పచ్చగా, కింద కాస్త పసుపుగా, రెక్క మీద తెల్ల గీతతో కనిపించిన ప్రతిదాన్నీ ఆడ ఐయోరా అనుకున్నాను. వాటిల్లో చాలామటుకు ఐయోరాలే కావు.

అది తెలిసింది మరుసటి చలికాలంలో. లెన్సు రిపేరుకి వెళ్లింది, చేతిలో ఏమీ లేదు. పెరటి అరుగు మీద కూర్చుని అమ్మతో పాటు మునగాకు దూస్తున్నాను. గుంపు వచ్చింది. అమ్మ తల కూడా ఎత్తలేదు. "ఆ చీవీ అనేది జామ మీదికొచ్చేసిందే. ఈలేసేది ఇంకా మామిడి మీదే ఉంది" అంది. రెండూ ఒకటే కదమ్మా అన్నాను. "ఒకటెలా అవుతాయే? ఇది ఒక్క చోట నిలబడదు. అది నిదానం. రెండూ ఒకే కొమ్మ మీదున్నా దీని దారి దీనిదే, దాని దారి దానిదే" అంది. అమ్మకి పిట్టల పుస్తకం తెలీదు. ఐయోరా అన్న పేరూ తెలీదు. నలభై ఏళ్లుగా ఈ అరుగు మీద కూర్చుని కూరలు తరుగుతోంది, అంతే.

చీవీ అనేది గ్రీనిష్ వార్బ్లర్. ఈలేసేది ఐయోరా. ఒకసారి ఆ గొంతులు విడిపోయాక కళ్లకి కూడా తేడాలు వాటంతటవే కనిపించడం మొదలైంది. ఐయోరా ముక్కు పొడుగు, ఒళ్లు కాస్త బొద్దు, రెక్క మీద రెండు తెల్ల చారలు స్పష్టంగా ఉంటాయి. కొమ్మ చివర తలకిందులుగా వేలాడి ఆకు అడుగు భాగం వెతుకుతుంది. వార్బ్లర్ సన్నం. కంటి పైన లేత కనుబొమ్మ గీత. రెక్క మీద ఒక్కటే సన్న గీత, అది కూడా అరిగిపోయి ఒక్కోసారి కనిపించదు. ఆకు నుంచి ఆకుకి గెంతుతూ, మధ్యలో రెక్కలు చటుక్కున ఆడిస్తూ, గాల్లో అర క్షణం ఆగి ఆకు చివరున్న పురుగుని తీసుకుని పోతుంది. ఇవన్నీ నా మొదటి చలికాలం ఫోటోల్లో కూడా ఉన్నాయి. నాకు కనబడలేదు. ఆ తప్పుడు పేర్లన్నీ ఈ-బర్డ్‌లో, అంటే చూసిన పిట్టల లెక్కలు అందరూ నమోదు చేసే వెబ్‌సైట్లో, కూడా ఎక్కించేశాను. వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ దిద్దడానికి వారం పట్టింది. బాధేసింది. ఎక్కణ్ణుంచో మన పెరటికొచ్చిన పిట్టని వేరే పేరుతో లెక్క రాయడం అంటే దాన్ని లెక్కలోంచి తీసేసినట్టే.

నిజంగానే అది ఎక్కణ్ణుంచో వస్తుంది. మన దగ్గరికి చలికాలం గడపడానికి వచ్చే గ్రీనిష్ వార్బ్లర్లు పశ్చిమ సైబీరియా వైపు అడవుల్లో గూళ్లు పెట్టేవి. బరువు ఏడెనిమిది గ్రాములు. పాత ఐదు రూపాయల బిళ్ల అంతకంటే బరువు. మళ్లీ ఎండలు ముదిరేలోపు వెనక్కి బయల్దేరాలి.

ఈ పిట్ట గురించి శాస్త్రవేత్తలు కనిపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. నా వాదన దాని మీదే నిలబడి ఉంది. గ్రీనిష్ వార్బ్లర్లు టిబెట్ పీఠభూమి చుట్టూ ఒక వలయంలా విస్తరించి ఉన్నాయి. హిమాలయాల నుంచి ఒక కొస పడమర మీదుగా, ఇంకో కొస తూర్పు మీదుగా ఉత్తరానికి వెళ్లి, సైబీరియా మధ్యలో రెండు కొసలూ మళ్లీ కలుస్తాయి. దారి పొడుగునా పక్కపక్కన ఉన్నవాటి పాట కొంచెం కొంచెంగానే మారుతుంది. కానీ సైబీరియాలో కలిసేసరికి రెండు వైపుల పాటలూ ఎంత దూరమైపోయాయంటే, ఒకదాని పాట రికార్డు చేసి వినిపిస్తే రెండోది తన జాతి గొంతుగా పట్టించుకోదు. డారెన్ ఇర్విన్, స్టాఫన్ బెన్ష్, ట్రెవర్ ప్రైస్ 2001లో నేచర్ పత్రికలో దీన్ని ప్రచురించారు. మనిషి కంటికి ఆ రెండు వైపుల పిట్టల మధ్య తేడా చాలా స్వల్పం, రెక్క మీద చారల లెక్క లాంటిది. పిట్టలకి మాత్రం పాట దగ్గరే తేలిపోతోంది. ఎవరు తనవాళ్లో, ఎవరు కాదో తేల్చుకోవడానికి ఆ పిట్టే గొంతుని నమ్ముకుంటుంటే, మనం రెక్క మీద గీతలు లెక్కపెడుతూ కూర్చోవడం ఏం న్యాయం?

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఇంగ్లండులో సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అని ఒక మతాధికారి ఉండేవాడు. ఆ చుట్టుపక్కల పచ్చగా, సన్నగా తిరిగే వార్బ్లర్లని అప్పట్లో అందరూ కలిపి ఒకటిగానే చూసేవాళ్లు. అవి మూడు వేరువేరు జాతులని 1768లో ఆయన తేల్చాడు. చేతిలో బైనాక్యులర్స్ లేవు. తోటలో, పొదల వెంట నడుస్తూ వాటి పాటల్లో తేడా పట్టుకున్నాడు. ముందు విన్నాడు కాబట్టే ఎన్ని రకాలున్నాయో అనుమానం వచ్చింది. ఆ తర్వాతే చేతికి దొరికిన పిట్టల్ని పక్కపక్కన పెట్టి కొలతలు, రంగులు చూశాడు.

గుంపులో పిట్టలు కూడా ఒకదాన్నొకటి వింటూనే తిరుగుతాయి. న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కూతురి పెరట్లో మంచు పడ్డ రోజుల్లో చికడీలు, టిట్‌మౌస్‌లు, నట్‌హ్యాచ్‌లు అనే చిన్న పిట్టలు కలిసి వస్తాయి. ఆ చికడీ డేగనో గుడ్లగూబనో చూసి అరిచేటప్పుడు చివర 'డీ డీ' అని కలుపుతుంది. వచ్చింది చిన్నదై, చురుగ్గా వెంటపడేదైతే 'డీ'లు ఎక్కువ. పెద్దదై, నెమ్మదిగా కదిలేదైతే తక్కువ. 2005లో సైన్స్ పత్రికలో ఇది వచ్చింది. పక్కనున్న నట్‌హ్యాచ్ ఆ లెక్క విని దానికి తగ్గట్టు కదులుతుందని ఆ తర్వాత తేలింది. మా అక్క ఫోన్‌లో ఆ అరుపు వినిపించినప్పుడు నాకు మా జామచెట్టే గుర్తొచ్చింది. ఇక్కడ శిక్రా డేగ గోడ మీదుగా దూసుకెళ్తే గుంపు మొత్తం ఒక్క క్షణంలో గప్‌చిప్. ఎక్కడివక్కడ రాళ్లలా. ఎవరు ముందు అరిచారో మనకి తెలియకపోవచ్చు, అందరూ విన్నారని మాత్రం తెలుస్తుంది.

చెవి తర్వాత పని. సహపంక్తి భోజనంలో అందరూ ఒకే వరసలో కూర్చున్నా ఎవరి విస్తరి వాళ్లదే. ఈ గుంపూ అంతే. మామిడి పైకొమ్మల్లో, దాదాపు ఆకాశం కనిపించే చోట, చిన్న మినివెట్‌లు. మగది నారింజ రంగు, ఆడది బూడిద, పసుపు. సన్నగా 'స్వీ స్వీ' అంటూ ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. వాటి కింద వార్బ్లర్ ఆకుల అంచుల్లో. ఐయోరా ఆకుల అడుగున. తెల్ల ఉంగరం కళ్ల వైట్-ఐ పిట్టలు మాత్రం విడిగా ఉండవు, ఆరేడు కలిసి పువ్వుల్లో ముక్కు పెడుతూ, లోగొంతుకతో ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటాయి. నేలకి దగ్గరగా, కరివేపాకు మొదట్లో, టైలర్‌బర్డ్ తోక నిక్కబొడుచుకుని, ఒంటికి మించిన గొంతుతో 'టువిట్ టువిట్' అని అరుస్తుంది. దానికి రెండడుగుల దూరంలో కనిపించకుండా 'చెక్... చెక్' అనేది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, అదీ చలికాలపు చుట్టమే.

ఒకరోజు టిట్ పిట్టని బాగా దగ్గరగా చూశాను. నల్ల తల, తెల్ల బుగ్గలు, పొట్ట మధ్యలో నల్ల పట్టీ, దీన్ని గుర్తుపట్టడం తేలికే. మునగ కొమ్మ మీద చుట్టుకున్న ఒక ఎండాకు తెచ్చుకుని కాలి కింద అదిమిపెట్టింది. మనం మినప్పప్పు పొట్టు నలిపినట్టు ముక్కుతో ఆకు పొరలు ఒక్కొక్కటే విప్పింది. లోపల పురుగు. దాన్ని కూడా కాలి కిందే పెట్టుకుని ముక్కలు చేసి తింది. కాలితో తొక్కిపెట్టి తినే పద్ధతి ఈ గుంపులో ఇంకెవరి దగ్గరా నేను చూడలేదు. దూరం నుంచి, ఎండకి ఎదురుగా, రంగే తెలియకపోయినా ఆ పనిని చూస్తే టిట్ అని చెప్పేయొచ్చు. రంగు చీకటికి పోతుంది, మబ్బుకి పోతుంది. పని పోదు.

అలాగే ఫ్లవర్‌పెకర్. ఎనిమిది సెంటీమీటర్లుంటుంది, మన దేశంలో అతి చిన్న పిట్టల్లో ఒకటి. బూడిద రంగు, పుస్తకంలో చూస్తే గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు. కానీ మా మామిడి మీద బదనిక పట్టిన కొమ్మ ఉంది. ఆ బదనిక పండు మింగడం, కొద్ది నిమిషాల్లో జిగురు గింజని విసర్జించడం, అది ఒంటికి అంటుకుంటే కొమ్మకేసి పక్కకి జరుగుతూ తుడుచుకోవడం, ఇది దీని పని. గింజ కొమ్మకి అతుక్కుని ఇంకో బదనిక మొలుస్తుంది. 'చిక్ చిక్ చిక్' అంటూ చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎగురుతుంటే చూడకుండానే చెప్పొచ్చు, బదనిక దగ్గరికే వెళ్తోందని. బదనిక చెట్టుకి చేటని మామిడి రైతులు అనే మాట నిజమే. మా చెట్టుకి మాత్రం ఒక్క కొమ్మ వదిలేశాం.

అసలు ఇన్ని రకాలు కలిసి ఎందుకు తిరుగుతాయి? పది జతల కళ్లుంటే డేగ ముందే కనబడుతుంది. ఒకరు కదిలించిన పురుగు ఇంకొకరికి దొరుకుతుంది. ఈ రెండు కారణాల మీద ప్రపంచంలో వివిధ చోట్ల జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి హరి శ్రీధర్, గై బోషాం, కార్తీక్ శంకర్ 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. గుంపులో ముందుండి నడిపించే పిట్టల కంటే వెనక కలిసే పిట్టలకే తిండిలో లాభం స్పష్టంగా కనిపించిందని అందులో తేలింది. ఇది చదివాక నేను గుంపుని చూసే తీరే మారింది. ఇప్పుడు మొదట వచ్చేది ఎవరు, చివర వెళ్లేది ఎవరు అని చూస్తాను. నా నోట్‌బుక్‌లో ఇప్పుడు పేర్ల కంటే ముందు వరస ఉంటుంది. ముందు ఎవరి గొంతు వినబడితే, వెనకాల ఎవరు రావచ్చో కొంత ఊహించొచ్చు. వైట్-ఐల గుసగుస వినబడిందంటే ఇంకో నిమిషంలో వార్బ్లర్ జామ మీద ఉంటుందని చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. మా పెరట్లో ఎక్కువసార్లు అలాగే జరుగుతుంది.

చెవి ఎప్పుడూ మోసపోదని నేను అనను. లీఫ్‌బర్డ్ ఉంది, చిలక పచ్చ రంగులో ఉండేది. అది బుల్‌బుల్‌లా అరుస్తుంది, ఐయోరాలా ఈలేస్తుంది, డేగలా కూడా అరుస్తుంది. ఒక జనవరి పొద్దున్న నాలుగు గొంతులు వినబడ్డాయని నాలుగు పేర్లు రాసుకున్నాను. తీరా చూస్తే కొమ్మ మీద లీఫ్‌బర్డ్ ఒక్కటే. చీలిన తోకతో నల్లగా ఉండే డ్రాంగోలు ఇందులో ఇంకా ఆరితేరినవి. శ్రీలంకలోని సింహరాజ అడవిలో ఈబెన్ గుడేల్, శరత్ కొటగమ చేసిన పరిశోధన 2006లో వచ్చింది. అక్కడి డ్రాంగో మిగతా పిట్టల గొంతుల్ని అనుకరించి గుంపుని తన చుట్టూ పోగేసుకుంటుందని వాళ్లు రుజువు చేశారు. ఇలాంటివి తగిలినప్పుడు కళ్లే దిక్కు, ఒప్పుకుంటాను. ఫోన్‌లో గొంతు విని పేరు చెప్పే యాప్‌లకి కూడా ఇదే ఇబ్బంది. మా పెరట్లో ఉడుత అరిస్తే ఒక యాప్ నాకు మూడు రోజులు వరసగా ఏదో పిట్ట పేరు చూపించింది. యాప్ చెడ్డదని కాదు, కొత్తవాళ్లకి దారి చూపించడానికి మంచిదే. కానీ అది విన్నాక మనం వినడం మానేస్తే గొంతు మనకి ఎప్పటికీ రాదు.

"ఫోటో లేకపోతే రుజువేది?" అని నా మిత్రుడొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఈ జిల్లాలో ఎప్పుడూ కనిపించని పిట్టని చూశానంటే ఫోటోనో రికార్డింగో ఉండాల్సిందే. కానీ రోజూ వచ్చే గుంపులో రోజూ ఉండే పిట్టకి రుజువు ఎవరికి కావాలి? కావాల్సింది తెలుసుకోవడం. దానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. గుంపు వచ్చిన మొదటి రెండు నిమిషాలూ బైనాక్యులర్స్ కూడా ఎత్తకుండా ఉండండి. నేను కొత్తవాళ్లకి చెప్పేది ఇదొక్కటే. చాలా కష్టంగా ఉంటుంది, చెయ్యి ఆగదు. వారం రోజులు పట్టు పట్టండి.

వానాకాలం చివర వచ్చే గుంపు మాత్రం పూర్తిగా వేరు. అది గింజలు తినేవాళ్ల గుంపు. గోడ అవతల ఖాళీ స్థలంలో గడ్డి కంకి వేసినప్పుడు, ఊరి బయట చోడిచేలు పండేటప్పుడు మునియాలు దిగుతాయి. మన పాత మాటలో జీనువాయిలు. వీటి దగ్గర నా చెవి సిద్ధాంతం పెద్దగా పని చెయ్యదు, అన్నీ సన్నగా కిచకిచమనేవే. అన్నీ ఒకే పని చేస్తాయి, కంకి వంచి గింజ ఒలుచుకోవడం. ఇక్కడ రంగూ తోకా ముక్కూ చూడాల్సిందే. రొమ్ము మీద చేప పొలుసుల్లాంటి గీతలుంటే ఒకటి. తల నల్లగా, వీపు ఇటుక రంగులో, పక్కలు తెల్లగా ఉంటే ఇంకొకటి. ఇసుక రంగులో వెండి ముక్కుతో, పొడుగు మొన తోకతో ఉంటే సిల్వర్‌బిల్. వీటిలో అప్పుడప్పుడు ఆడ గిజిగాళ్లు కూడా కలుస్తాయి, ఊరపిచ్చుకల్లా చారలతో, లావు ముక్కుతో.

అసలు చిక్కు పిల్లలతో. మునియా పిల్లలకి ఏ గీతా ఉండదు. వట్టి గోధుమ రంగు. నలభై పిట్టల గుంపులో ఇరవై పిల్లలే ఉండొచ్చు. పెద్దవాటితో కలిసి తిరుగుతున్నాయి కాబట్టి అదే జాతి అనుకుని చాలామంది రాసేస్తారు. రెండు జాతుల పెద్దవి అదే గుంపులో ఉన్నప్పుడు ఏ పిల్ల ఎవరిదో ఎలా చెప్తాం? ఇలాంటప్పుడు 'మునియా, జాతి తెలీదు' అని రాయడమే సరైన పద్ధతి. ఈ-బర్డ్‌లో అలా రాసే వీలు కూడా ఉంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ 1998లో అమెరికాలో మొదలై 2013 నుంచి ప్రపంచమంతా జరుగుతోంది, పెరట్లో పదిహేను నిమిషాలు కూర్చున్నా చాలు. ఆ లెక్కల్లో నేను 'తెలీదు' అని రాసినప్పుడల్లా ఎవరో ఒకరు జాలిగా సలహా ఇస్తారు. ఒక చలికాలమంతా తెలుసనుకుని రాసిన దాన్ని కాబట్టి నాకు ఆ మాట రాయడానికి మొహమాటం లేదు.

పేర్ల గురించి కూడా ఒక మాట. ఈ వ్యాసంలో ఇన్ని ఇంగ్లీషు పేర్లు రాయాల్సి రావడం నాకు ఇష్టంగా లేదు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ 1862, 1864 మధ్య అచ్చయిన తన పక్షుల పుస్తకంలో స్థానికంగా వాడే తెలుగు పేర్లని కూడా రాసిపెట్టాడు. టైలర్‌బర్డ్‌కి లిక్కు జిట్ట అని ఉంది. జిట్ట అంటే చిన్న పిట్ట. ఆ పేర్లు పెట్టినవాళ్లు రంగుల పటం చూసి పెట్టలేదు. తేనెపిట్ట, వడ్రంగిపిట్ట అన్నప్పుడు పని కనిపిస్తుంది. కలివికోడి అన్నప్పుడు కలివి పొదలు కనిపిస్తాయి. 1900 తర్వాత ఎవరికీ కనిపించని ఆ కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని పట్టుకొచ్చింది ఐతన్న అనే స్థానికుడు. ఇప్పుడు 'వైట్-ఐ'ని 'తెల్లకన్ను' అని మక్కీకి మక్కీ మార్చి తెలుగు పేర్ల పట్టికలు తయారుచేస్తున్నారు. ఆ శ్రమ మీద గౌరవం ఉంది. కానీ నాకు అమ్మ పెట్టిన పేరే నచ్చుతుంది: చీవీ. పక్కింటి చిన్నోడికి నేను నేర్పింది కూడా అదే. వాడు ఇంగ్లీషు పేరు పలకడానికి ఇబ్బంది పడతాడు గానీ, "అక్కా, చీవీ వచ్చింది" అని గోడ మీంచి కేకేయడంలో ఇంతవరకూ ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

గుంపుని వరసగా రాసుకోవడం వల్ల ఇంకోటి తెలిసింది, అది తెలియకపోతే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. రెండిళ్ల అవతల పెద్ద వేప ఉండేది. గుంపు కొండ మీద నుంచి దిగి ఆ వేప మీదుగానే మా మామిడికి వచ్చేది. స్థలం చేతులు మారింది, అపార్ట్‌మెంట్ కోసం వేపని కొట్టేశారు. ఆ చలికాలం డిసెంబరంతా నేను అరుగు మీద కూర్చున్నాను. టైలర్‌బర్డ్ ఉంది, తేనెపిట్టలున్నాయి, ఇక్కడే ఉండేవి అన్నీ ఉన్నాయి. చీవీ కూడా ఒకటి వచ్చింది, ఒంటరిగా. మినివెట్‌లు, టిట్‌లు, ఐయోరా రాలేదు. కొండ మీద వాటి గొంతులు వినబడేవి, గాలి ఇటు ఉన్నప్పుడు. మధ్యలో ఎనభై అడుగుల ఖాళీ. ఈ పిట్టలు ఆకు చాటున నడిచేవి, డేగకి కనిపించేలా అంత దూరం బయట పడటానికి ఒప్పుకోవు. సైబీరియా నుంచి ఎగిరొచ్చే పిట్ట ఎనభై అడుగులు దాటలేదా అంటారు. ఒంటరిగా దాటుతుంది, రాత్రిపూట దాటుతుంది. గుంపు దాటదు.

మన పెరడు బాగుంటే చాలనుకోవడం ఇక్కడే తప్పు. గుంపుకి కావాల్సింది పెరడు కాదు, చెట్టు తర్వాత చెట్టు. నేను వీధి మొత్తం అడుగులేసి కొలిచాను. కొండ అంచున ఉన్న గానుగ నుంచి మా గోడ వరకు ఇంకో దారి ఉంది, ఎదురింటి పిన్నిగారి వెనకవైపు నుంచి. అక్కడ ఒక్క చెట్టు నాటితే ఖాళీ సగానికి తగ్గుతుంది. ఇంటి దగ్గర మునగ ఉండకూడదంటారని పిన్నిగారు ముందు సందేహించారు. కొమ్మ పెళుసు, పిల్లలు ఎక్కితే విరుగుతుంది, అందుకే పెద్దవాళ్లు అలా అనుంటారని అమ్మ చెప్పింది. ఇంటికి కాదు, వెనక గోడకి ఆనించి పెడదామని నేను అన్నాను. మునగ కొమ్మ పాతితే ఏడాదికే మనిషెత్తు దాటుతుంది, ఆకు వస్తుంది, పూత వస్తుంది, పూతకి పురుగొస్తుంది. మొన్న ఆదివారం ఆవిడ సరే అన్నారు. మా చెట్టు నుంచే చేయి లావు కొమ్మ ఒకటి చూసి పెట్టుకున్నాను, వానలు పడగానే పాతడానికి.